సొంత ఓడలు: బ్లాక్ స్టార్ లైన్, సింధియా, విశాఖ నౌకాశాల

వలస పాలనలో నలిగిన జాతులు, పొట్టకూటికి దేశాలు దాటిన కూలి జనాలు ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో సొంత ఆవిరి ఓడలు నడపడానికి పూనుకున్నారు. ఆ ప్రయత్నాల్లో మూడు ముఖ్యమైనవి: తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్ళై 1906లో పెట్టిన స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ, న్యూయార్క్‌లో మార్కస్ గార్వీ 1919లో పెట్టిన బ్లాక్ స్టార్ లైన్, అదే 1919లో బొంబాయి వర్తకులు పెట్టిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. మొదటి రెండూ కొద్ది ఏళ్లలోనే మూతపడ్డాయి, స్థాపకులిద్దరూ జైలుపాలయ్యారు. మూడోది నిలదొక్కుకుని విశాఖపట్నంలో ఓడలు కట్టే దాకా వచ్చింది. ఈ తేడాను నాయకుల తెగువలోనో నిజాయితీలోనో వెతికితే దొరకదు. బాయిలర్ల వయసులో, సరుకు ఒప్పందాల్లో, సర్కారు చూపులో దొరుకుతుంది.

పరాయి ఓడల్లో తెలుగువాళ్లు

ఆంధ్ర తీరానికి ఓడలు కొత్త కాదు. గోదావరి పాయ పక్కనున్న కోరంగి పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో చెక్క ఓడలు కట్టడానికీ బాగుచేయడానికీ పేరుమోసిన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ ఊరిని ఊడ్చిపెట్టాయి. ఆ తర్వాత ఇసుక మేటలు, పక్కన కాకినాడ ఎదుగుదల, చివరికి ఆవిరి ఓడల రాక కోరంగిని పూర్తిగా పక్కకు నెట్టాయి. దగ్గర్లోని తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే వడ్రంగం మాత్రం ఆ తర్వాతా సాగింది. అయితే ఆవిరి ఓడకు వడ్రంగి చాలడు. ఇనుము, బాయిలర్, లక్షల్లో పెట్టుబడి కావాలి. దాంతో బంగాళాఖాతం మీద బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఇంచుమించు గుత్తాధిపత్యం సాగించింది. దీన్ని పొట్టిగా బి.ఐ. కంపెనీ అనేవారు.

కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి రంగూన్ వెళ్లే కూలీలు డెక్కు మీద, ఎండకూ వానకూ ఓర్చుకుంటూ ప్రయాణం చేసేవారు. రంగూన్ రేవులో బస్తాలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో రెక్కలు ముక్కలు చేసుకుందీ ఎక్కువగా వీళ్లే. బర్మాలో వీళ్లను కోరంగీలు అనేవారు. 1930 మేలో కూలి పెంచమని తెలుగు రేవు కార్మికులు సమ్మె కట్టినప్పుడు ఓడల కంపెనీల తరఫు మేస్త్రీలు బర్మా కూలీలను దించారు. సమ్మె తీరి పాతవాళ్లను మళ్లీ పనిలోకి తీసుకోగానే రంగూన్ వీధుల్లో అల్లర్లు చెలరేగాయి. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. అంతకు చాలా ముందే, 1860లో మద్రాసు నుంచి నేటాల్ చేరిన ట్రూరో ఓడలోనూ, మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన ఓడల్లోనూ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఏ రేవులో ఎక్కాలో, ఎక్కడ దిగాలో, తిరిగి రావాలో వద్దో తేల్చింది ఓడ యజమాని, ఒప్పందం కాగితం.

అట్లాంటిక్ అవతల కరీబియన్ దీవుల నల్లజాతి కూలీలదీ ఇదే బతుకు. పనామా కాలువ తవ్వకానికి, మధ్య అమెరికాలో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అరటి తోటలకు జమైకా, బార్బడోస్ జనం వేలకు వేలు తరలిపోయారు. ఆ కంపెనీకి సొంతంగా పెద్ద ఓడల దండు ఉండేది, వాటికి తెల్ల రంగు వేసేవారు. గార్వీ స్వయంగా కోస్టారికాలో ఆ కంపెనీ తోటల్లో సమయపాలకుడిగా పనిచేసి వచ్చినవాడు.

తూత్తుకుడి పాఠం

అప్పటి తెలుగు జిల్లాలున్న మద్రాసు రాష్ట్రంలోనే తొలి పెద్ద ప్రయత్నం జరిగింది. వకీలుగా ఉన్న చిదంబరం పిళ్ళై 1906 అక్టోబరులో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని రిజిస్టరు చేయించాడు. పెట్టుబడి లక్ష్యం 10 లక్షల రూపాయలు, వాటా ధర 25 రూపాయలు. మొదట అద్దె ఓడలతో మొదలుపెట్టి, 1907లో గాలియా, లావో అనే రెండు ఓడలు కొని తూత్తుకుడి నుంచి కొలంబోకు నడిపారు. బి.ఐ. కంపెనీ టికెట్టు ధర రూపాయికి దించింది. స్వదేశీ కంపెనీ అర్ధ రూపాయి అంది. బి.ఐ. కంపెనీ ఊరికే తీసుకెళ్తామని, పైగా గొడుగు కూడా ఇస్తామని దండోరా వేయించింది. 1908 మార్చిలో సర్కారు చిదంబరం పిళ్ళైని రాజద్రోహం కింద పట్టుకుంది. కోయంబత్తూరు జైల్లో ఆయనతో ఎద్దుకు మారుగా నూనె గానుగ తిప్పించారు. 1911లో కంపెనీ దివాలా ఎత్తి ఓడలు అమ్ముడుపోయాయి.

ఆ 1907లోనే బిపిన్ చంద్రపాల్ విశాఖ, కాకినాడ, రాజమండ్రి తిరిగి వందేమాతరం ప్రసంగాలు చేశాడు. స్వదేశీ బట్ట, స్వదేశీ బడి తెలుగు ఊళ్లలో వేళ్లూనుకున్నాయి. స్వదేశీ ఓడ మాత్రం ఇక్కడికి రావడానికి ఇంకా పాతికేళ్లకు పైగా పట్టింది.

ఐదు డాలర్ల వాటా

మార్కస్ గార్వీ 1887 ఆగస్టు 17న జమైకాలోని సెయింట్ ఆన్స్ బేలో పుట్టాడు. అచ్చు పని నేర్చుకున్నాడు. 1914లో కింగ్‌స్టన్‌లో యూనివర్సల్ నీగ్రో ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ స్థాపించి, 1916లో అమెరికా చేరి న్యూయార్క్‌లోని హార్లెంలో మకాం పెట్టాడు. 1918లో నీగ్రో వరల్డ్ వారపత్రిక మొదలైంది. ఆ పత్రిక నావికుల సంచుల్లో దొంగచాటుగా వలస దేశాల రేవులకు చేరేది, చాలాచోట్ల పాలకులు దాన్ని నిషేధించారు. చెదిరిపోయిన ఆఫ్రికా సంతతి ఒక్క జాతి, ఆఫ్రికా దాని ఇల్లు, ఆ జాతికి సొంత వ్యాపారం, సొంత రవాణా ఉండాలి అన్నది గార్వీ వాదం. 1919 జూన్‌లో డెలావేర్ రాష్ట్రంలో బ్లాక్ స్టార్ లైన్ రిజిస్టరయింది. తెల్లవాళ్ల కంపెనీల్లో పేరుగన్న వైట్ స్టార్ లైన్‌కు ఇది సూటి జవాబు.

వాటా ఐదు డాలర్లు. ఒక్కొక్కరికి 200 వాటాలకు మించి ఇవ్వలేదు, నల్లవాళ్లకు తప్ప మరొకరికి అమ్మలేదు. వంటమనుషులు, చాకలి పనివాళ్లు, రైలు పోర్టర్లు, పనామా కాలువ కూలీలు కొన్నారు. వాటాదారులు 35 వేల నుంచి 40 వేల దాకా ఉంటారనీ, పోగైన సొమ్ము ఏడున్నర లక్షల డాలర్లకు తగ్గదనీ చరిత్రకారుల లెక్క. బ్యాంకు అప్పు లేకుండా, ఏ సర్కారు అండా లేకుండా, పేదల జేబుల్లోంచి ఇంత డబ్బు ఒక ఓడల కంపెనీకి రావడం అంతకుముందు ఎక్కడా వినలేదు.

తప్పంతా కొన్న సరుకులో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది ఓడల ధరలు ఆకాశాన్నంటి ఉన్నాయి. మొదటి ఓడ యార్మత్ గార్వీ ఈడుదే, 1887లో స్కాట్లాండులో కట్టింది. యుద్ధకాలంలో బొగ్గు మోసి మోసి అరిగిపోయింది. దానికి 1,65,000 డాలర్లు పోశారు. ఫ్రెడరిక్ డగ్లస్ అని పేరు మారుస్తామన్నారు. రెండోది షేడీసైడ్, హడ్సన్ నదిలో జనాన్ని విహారానికి తిప్పే పడవ. మూడోది కనావా, ఒక చమురు కుబేరుడి విలాస నౌక. దీనికి అంటోనియో మాసియో పేరు పెట్టారు. సరుకు మోయాల్సిన కంపెనీ చేతిలో ఒక ముసలి బొగ్గు పడవ, ఒక నది పడవ, ఒక షికారు పడవ!

బాయిలర్ సంగతి రామకృష్ణాపూర్, మందమర్రి, గోదావరిఖని వంటి సింగరేణి బొగ్గు ఊళ్ల పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. బొగ్గుబాయిల్లోనూ ఒకప్పుడు నీళ్లు తోడే పంపు, తాడు లాగే యంత్రం ఆవిరి మీదే తిరిగేవి. ఓడలో అదే పని నడిసముద్రంలో చేయాలి. అడుగున బొగ్గు గదులు, అక్కడి నుంచి తోపుడు బండ్లలో పొయ్యిల దగ్గరికి బొగ్గు చేర్చే మనుషులు, పారలతో ఎగదోసే ఫైర్‌మన్లు, రాత్రీ పగలూ షిఫ్టులు. బాయిలర్‌కు మంచినీళ్లు పోయాలి. అవి అయిపోయి ఉప్పునీళ్లు పోస్తే గొట్టాలకు పొలుసు కట్టి, వేడి లోపలికి ఎక్కక, ఇనుము కాలిపోతుంది. పాత బాయిలర్ బొగ్గు ఎక్కువ తాగుతుంది, ఆవిరి తక్కువ ఇస్తుంది. అంటే ప్రతి మైలుకూ నష్టమే. కనావా బాయిలర్ పేలి ఒక మనిషి చనిపోయాడు. క్యూబాలోని ఆంటియా రేవు దాకా ఈడ్చుకుంటూ వెళ్లి అక్కడే ఆగిపోయింది.

యార్మత్ చేసిన ప్రయాణాల్లో రెండు చెప్పుకుంటే సంస్థ తీరు మొత్తం తెలుస్తుంది. 1920 జనవరిలో అమెరికాలో మద్యనిషేధం అమలు కాబోతుండగా ఒక సారా కంపెనీ తన విస్కీ నిల్వలను గడువులోగా క్యూబాకు తరలించమంది. హడావుడిగా ఎక్కించిన ఆ సరుకుతో ఓడ కొంత దూరం పోగానే ఒక పక్కకు ఒరిగింది. వందల పెట్టెలు సముద్రంలో పారేసి, తీర రక్షణ దళం సాయంతో వెనక్కి రావాల్సొచ్చింది. ఒప్పుకున్న కిరాయి ఖర్చులకు కూడా చాలలేదు. ఇంకోసారి జమైకాలో 700 టన్నుల కొబ్బరికాయలు ఎక్కించుకుని న్యూయార్క్ వస్తుంటే, వాటాదారులకు ఓడను చూపించాలని గార్వీ దాన్ని ఫిలడెల్ఫియాకూ బోస్టన్‌కూ మళ్లించాడు. కాయలు కుళ్లిపోయాయి, సరుకు యజమానికి పరిహారం కట్టుకున్నారు. ఓడ గార్వీకి సరుకు బండి అయినంతగా ఊరేగింపు రథం కూడా అయింది. ఊరేగింపు లేకపోతే మళ్లీ వాటాలు అమ్ముడుపోవు. వాటాలు అమ్ముడుపోకపోతే మరమ్మతుకు డబ్బు లేదు.

ఇంతమాత్రం చెప్పి ఊరుకుంటే అన్యాయమే అవుతుంది. క్యూబాలో, పనామాలో, కోస్టారికాలో నల్ల కెప్టెన్ నడిపే ఓడను చూడటానికి తోటల కూలీలు పని మానేసి పళ్ల బుట్టలతో, పూలతో రేవులకు తరలివచ్చారని ఆ ఓడ మీద అధికారిగా పనిచేసిన హ్యూ ముల్జాక్ తర్వాత రాశాడు. నల్లవాడు పొయ్యిలో బొగ్గు వేయగలడే తప్ప చుక్కాని పట్టలేడన్నది ఆనాటి నౌకా యాజమాన్యాల నమ్మకం. యార్మత్ ఆ నమ్మకాన్ని కొన్ని నెలలైనా రేవు రేవునా కొట్టిపారేసింది. అయితే మొదటి కెప్టెన్ జాషువా కాక్‌బర్న్‌కు ఆ ఓడ అమ్మకంలో దళారీ నుంచి వాటా ముట్టిందన్న సంగతి తర్వాత కోర్టులో బయటపడింది.

న్యూయార్క్ విచారణ, లండన్ విచారణ

అమెరికా దర్యాప్తు సంస్థలో అప్పుడే పైకి వస్తున్న జె. ఎడ్గర్ హూవర్ 1919 నుంచే గార్వీ మీద కేసు వెతికాడు. ఆ సంస్థ తొలి నల్లజాతి ఏజెంటును నియమించి గార్వీ సంఘంలోకి పంపింది. చివరికి దొరికింది ఒక కరపత్రం. ఓరియన్ అనే ఓడను కొనబోతూ, కొనకముందే దాని బొమ్మ మీద ఫిలిస్ వీట్లీ అన్న కొత్త పేరు వేసి, వాటాలు కొనమని టపాలో పంపారు. 1922లో గార్వీ అరెస్టు, ఆ ఏడాదే బ్లాక్ స్టార్ లైన్ మూత. 1923లో కోర్టు టపా మోసం కింద గార్వీ ఒక్కడికే ఐదేళ్ల శిక్ష వేసి, తోటి ముగ్గురు అధికారులను వదిలేసింది. సాక్ష్యంగా చూపిన కవరులో లోపలి కాగితం కూడా లేదు. డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ వంటి నల్లజాతి మేధావులే గార్వీ లెక్కల మీద విరుచుకుపడ్డారు, ఆ విమర్శల్లో చాలా భాగం నిజం. 1927 చివర్లో అధ్యక్షుడు కూలిడ్జ్ శిక్ష తగ్గించగానే ఆయన్ను జమైకాకు పంపేశారు. లైబీరియాలో స్థిరపడాలన్న పథకాన్ని అక్కడి ప్రభుత్వం 1924లోనే తోసిపుచ్చింది. రెండేళ్లకు అదే ప్రభుత్వం రబ్బరు తోటలకు ఫైర్‌స్టోన్ కంపెనీకి భూములు కౌలుకిచ్చింది.

వాటాల మోసమంటే సింగరేణి చరిత్ర గుర్తుకు రాక మానదు. యెల్లందు దగ్గర బొగ్గును 1871లో విలియం కింగ్ గుర్తించాక, నిజాం రాజ్యంలో గనుల హక్కులు 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి వెళ్లాయి. ఆ కంపెనీ వాటాల్లో సింహభాగం హక్కులు సంపాదించిన పెద్దమనుషులు పైసా కట్టకుండా తమ పేర రాసుకున్నారు. అందులో కొన్నింటిని నిజాం సర్కారు అధికారి అబ్దుల్ హక్ ద్వారా ఆ సర్కారుకే ఎక్కువ ధరకు అంటగట్టారు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం విచారణ జరిపింది, అబ్దుల్ హక్ పదవి పోయింది. గనులు సాగాయి. కంపెనీ 1920లో సింగరేణి కాలరీస్ అయింది. గార్వీ కరపత్రంతో పోలిస్తే ఎన్నో రెట్లు పెద్దదైన ఈ వ్యవహారంలో లండన్ పెద్దమనుషులు ఒక్కరోజు కూడా జైల్లో లేరు.

సింధియా దారి

1919 ఏప్రిల్ 5న ఎస్.ఎస్. లాయల్టీ అనే ఓడ బొంబాయి నుంచి ఇంగ్లండు బయల్దేరింది. ఆ తేదీనే భారతదేశం జాతీయ నౌకా దినోత్సవంగా జరుపుకుంటోంది. వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ తదితరులు గ్వాలియర్ సింధియా మహారాజు నుంచి కొన్న ఓడ అది. యుద్ధకాలంలో ఆసుపత్రిగా తిరిగింది. ఇదీ ముసలిదే, ఇదీ గిట్టుబాటు కాలేదు, 1923లో తుక్కుకు పోయింది. యార్మత్‌కూ దీనికీ రాతలో తేడా ఏమంటే, సింధియా వెనక నష్టం భరించగల పత్తి, చక్కెర, మిల్లు వర్తకులు ఉన్నారు. ఒక ఓడ పోతే వెంటనే సరుకు ఓడలు మరికొన్ని కొన్నారు. వాళ్ల సరుకే వాళ్ల ఓడకు తొలి కిరాయి.

బి.ఐ. కంపెనీ రంగూన్ బియ్యం కిరాయిలు తెగ్గోసి పాత యుద్ధం మళ్లీ మొదలుపెట్టింది. 1923లో సింధియా తలవంచి, బి.ఐ. కంపెనీ అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్‌తో పదేళ్ల ఒప్పందం రాసుకుంది. తీర సరుకు రవాణాకే పరిమితం కావాలి, ఓడల సామర్థ్యం 75 వేల టన్నులు దాటకూడదు. జాతీయవాదులు దీన్ని లొంగుబాటు అన్నారు. లొంగుబాటే. కానీ ఆ పదేళ్లూ కంపెనీ బతికి ఉంది. తీర రవాణా భారతీయ ఓడలకే ఉండాలని 1928లో ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో తెచ్చిన బిల్లు చట్టం కాలేదు, ఆ హక్కు స్వాతంత్ర్యం తర్వాతే వచ్చింది. గార్వీకి సభలో బిల్లు పెట్టేవాడే లేడు.

గార్వీ ఉద్యమానికీ భారత జాతీయోద్యమానికీ ఒకదాని సంగతి మరొకదానికి తెలియకపోలేదు. నీగ్రో వరల్డ్ గాంధీ సహాయ నిరాకరణ వార్తలను ఆసక్తితో వేసేది, గుజరాతీ విద్యార్థి హరిదాస్ మజుందార్ అందులో రాసేవాడు. 1922లో గాంధీ అరెస్టయినప్పుడు గార్వీ హార్లెం సభలో దాని మీద మాట్లాడాడు.

విశాఖ

విశాఖపట్నం కొత్త రేవులోకి 1933 అక్టోబరు 7న మొదటగా వచ్చిన ఓడ సింధియా వారి జలదుర్గ. ఆ డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. నౌకాశాలకు కలకత్తాలో చోటు అడిగి సంతృప్తికరమైన జవాబు రాక, వాల్‌చంద్ ఈ రేవును ఎంచుకున్నాడు. సముద్రానికి అడ్డంగా నిలిచిన డాల్ఫిన్స్ నోస్ కొండ ఆ చోటుకు సహజమైన కాపలా. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశాడు. నౌకాశాల నెలకొన్న చోటికి గాంధీగ్రామ్ అని పేరు పెట్టారు. పక్క పేట నేటికీ విశాఖవాసుల నోట సింధియానే.

యుద్ధకాలంలో సర్కారు ఓడలు కావాలని మొత్తుకుంటూనే, ఒక భారతీయ కంపెనీ ఓడలు కట్టడానికి యంత్రాలు, ఉక్కు ఇవ్వడానికి వెనకాడింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక పని ఆగిపోయింది. యుద్ధం ముగిశాకే మళ్లీ కదిలింది. 8 వేల టన్నుల సరుకు మోసే జల ఉషను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోకి వదిలాడు. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి పెద్ద ఆవిరి ఓడ అదే. గార్వీ ఓడలు కొన్నాడు, సింధియా వాళ్లు కట్టడం నేర్చుకున్నారు. ఉక్కు పలకలు వంచే పని, రివెట్లు కొట్టే పని, బాయిలర్ బిగించే పని తెలిసిన కార్మికులు ఉత్తరాంధ్ర ఊళ్ల నుంచే తయారయ్యారు.

అయినా ప్రైవేటు కంపెనీకి ఆ బరువు మోయడం సాధ్యం కాలేదు. విశాఖలో కట్టిన ఓడ ఖరీదు బ్రిటన్‌లో కట్టినదానికంటే ఎక్కువ పడేది. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఏర్పడి మూడింట రెండొంతుల యాజమాన్యం కేంద్రం చేతికి వచ్చింది, 1961లో మొత్తం వచ్చింది. సింగరేణి అంతకుముందే ఈ దారి తొక్కింది. 1945లో నిజాం సర్కారు వాటాలు కొనేసి కంపెనీని తన అధీనంలోకి తెచ్చుకుంది. ఇప్పుడు తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం. వర్తకుల దేశభక్తితో పుట్టింది ఒకటి, లండన్ వాటాల బేరంతో పుట్టింది ఇంకొకటి. రెండూ సర్కారు గుమ్మానికే చేరాయి.

తర్వాతి కథ

బ్లాక్ స్టార్ మూతపడ్డాక గార్వీ సంఘం బ్లాక్ క్రాస్ కంపెనీ పేరుతో మరో ఓడ కొని దానికి బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టాలనుకుంది, అదీ ఎక్కువ కాలం సాగలేదు. గార్వీ 1940 జూన్ 10న లండన్‌లో చనిపోయాడు. రెండేళ్లకు అమెరికా సర్కారు యుద్ధం కోసం కట్టిన ఒక సరుకు ఓడకు బుకర్ టి. వాషింగ్టన్ అనే పేరే పెట్టింది. దాని కెప్టెన్ యార్మత్ మీద పనిచేసిన హ్యూ ముల్జాక్. 1957లో స్వతంత్రమైన ఘనా తన జెండాలో నల్ల నక్షత్రం ఉంచుకుని, సర్కారు ఓడల సంస్థకు బ్లాక్ స్టార్ లైన్ అని పేరు పెట్టింది. ఆ దేశ నాయకుడు ఎన్‌క్రుమా తన మీద గార్వీ రాతల ప్రభావం గురించి బాహాటంగానే చెప్పుకున్నాడు. గార్వీ మీద పడిన శిక్షకు అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ 2025 జనవరి 19న, పదవి దిగడానికి ఒక రోజు ముందు, మరణానంతర క్షమాభిక్ష ఇచ్చాడు.

సింధియా కంపెనీ 1980ల నుంచి అప్పుల్లో కూరుకుపోయి ఓడలు నడపడం మానుకుంది. విశాఖ నౌకాశాల 2010లో నౌకా రవాణా శాఖ నుంచి రక్షణ శాఖ కిందికి మారింది. సరుకు ఓడలతో పాటు నౌకాదళ ఓడలు కట్టడం, జలాంతర్గాములు మరమ్మతు చేయడం ఇప్పుడు దాని పని.